పొడి మచ్చ

సబ్‌మెరైన్ దగ్గర్నుంచి కాళీ గుడి దాకా
పోనూ రానూ ఒక రౌండు, వంద రూపాయలు.
సెల్ఫీకి వేరే.
ఆదివారాలు చీకటి పడేదాకా తిప్పేవాణ్ణి హుద్‌హుద్‌ని.
తుఫాను ఏడాది పుట్టింది, అందుకా పేరు.
పేరు విని జడిసిన పిల్లలే
మెడ నిమిరి నవ్వేవారు.

మొన్న వేసవి దాకా అది ఎవర్నీ కరవలేదు.

మునాఫ్ భాయి హైదరాబాదు నుంచి కొత్త జీను తెచ్చాడు.
కొత్తంటే మాకు కొత్త.
ఎవరో సన్న వీపు గుర్రానికి కుట్టించి వదిలేసింది.
ఇత్తడి బొడిపెలు, ఎర్ర మఖ్మలు అంచు.
ఫొటోల్లో బాగా పడేది.

నెల తిరక్కుండానే
తంగు బిగిస్తుంటే చెవులు వెనక్కి వాలేవి.
బిగించే చేతిని పళ్లతో వెతికేది.
ఈగ లేకపోయినా తోక కొట్టుకునేది.
తడి ఇసకలో బారెడు పడే అడుగు
జానెడైంది.
రోడ్డు మీంచి ఇసకలోకి దిగే వాలులో
ముందుకాళ్లు మడిచి, ఒక పెందుర్తి పిల్లాణ్ణి
మెల్లగా జార్చేసింది.
పడెయ్యలేదు, దించింది.
వాళ్లమ్మకి తేడా తెలియలేదు.

పొగరెక్కిందన్నారు.
ఉలవలు తగ్గించమన్నాడు భాయి. తగ్గించాను.
సరుగుడు బెత్తంతో రెండు అంటించాను.
అది కూడా చెప్పాలి.

రికాబు తోలు తెగితే
కురుపాం మార్కెట్ వెనక పైడయ్య దగ్గరకి పట్టుకెళ్లాను.
ఇప్పుడు ఆటో సీట్లు కుడుతున్నాడు గానీ
ఒకప్పుడు పోలీసు గుర్రాలకి జీన్లు కుట్టిన చెయ్యి.
తెగిన తోలు చూడలేదు.
జీను బోర్లా తిప్పి అడుగు తడిమాడు.
"గుర్రాన్ని తే. దీన్నే ఏసి తే.
సెమట పట్టీదాకా తిప్పి మరీ తే."

కోస్టల్ బ్యాటరీ మీదుగా, లారీల మధ్య
నేనే ఎక్కి తీసుకెళ్లాను.
జీను ఎత్తాడు.
వీపంతా తడి, తారులా నిగనిగ.
మూపుకి అటొకటి ఇటొకటి
అరచేతంత పొడి మచ్చలు.
అక్కడ హాయిగా ఉందేమో అనుకున్నాను.

"ఓరి గుంటడా,
సెమట పట్టిన కాడ కాదు, పట్టని కాడ సూడాల.
నెత్తురాడని కాడ సెమటేటి పడతాది?"
బొటనవేలు పొడి మీద ఆన్చాడు.
నొక్కలేదు.
హుద్‌హుద్ నడుం
అల కింద తెప్పలా దిగిపోయింది.
మూపు వెనక కండ కరిగి రెండు గుంటలు,
రోజూ నేను మాలీసు చేసే చోటే.

కరెంటు వైరు ముక్క మూపు మీద వంచి
ఆ వంపుని పాత క్యాలెండరు వెనక గీశాడు.
పక్కనే జీను వంపు.
ఒకటి యారాడ కొండలా వెడల్పుగా పడుకుంది.
ఇంకోటి బట్టలారేసే క్లిప్పు.

రెండు దుప్పట్లు మడిచి వేశాను కదా అన్నాను.
"ఇరుకు బూట్లో రెండో సాక్సు తొడిగినట్టు" అన్నాడు.

ఇరవై రోజులు పని లేదు దానికి.
నేను ఫిషింగ్ హార్బర్లో ఐసు మోశాను.
గోనె మడత భుజం మీద ఒత్తుకుంటే
ఎటు కావాలో అటు జరుపుకున్నాను.
మూడో రోజు, గంప దించుతూ,
దానికి చేతుల్లేవని గుర్తొచ్చింది.

ఇప్పుడు మా పాత జీనే. నల్ల రెక్సిన్ అతుకు.
లోపల గడ్డకట్టిన పీచు తీసి
ఉన్ని పరిచి కుట్టాడు పైడయ్య.
గిరాకీ కాస్త తగ్గింది. భాయి సణుగుతాడు.
రోజూ ఎక్కించేముందు ఒంగి
వెన్నుకీ జీనుకీ మధ్య సందులోంచి చూస్తాను.
సన్నగా, అవతల సముద్రం కనబడాలి.
కనబడితేనే మొదటి రౌండు.

అడుగు మళ్లీ సాగింది.
పొడి మచ్చల చోట మాత్రం
తెల్ల వెంట్రుకలొచ్చాయి. ఇక నల్లబడవట.
ముద్దుగా ఉన్నాయి, రంగు వేశారా,
అనడుగుతారు పిల్లలు.

అవును, మేమే వేశాం, అంటాను.